1991 ఆగస్టు, మాస్కో: విఫలమైన కుట్ర మీద మామూలు జనం జ్ఞాపకాలను సరిచూడటం ఎలా?

అనువాద_బల్ల

అందరికీ నమస్కారం. సోవియట్ అధ్యక్షుడు గోర్బచేవ్‌ను పక్కకు నెట్టి పాలన చేజిక్కించుకోవాలని ఆయన కింది పెద్దలే చేసిన కుట్ర మూడు రోజుల్లో విఫలమైంది. ఆ 1991 ఆగస్టు 19, 20, 21 తేదీల్లో మాస్కోలో ఉన్న మామూలు జనం చెప్పిన జ్ఞాపకాలు కొన్ని ఒక సంపుటిగా రష్యన్ నుంచి నేరుగా తెలుగులోకి వస్తున్నాయి. నాయకుల ఆత్మకథలు కావు. ట్రాలీబస్సు డ్రైవర్లు, నర్సులు, పింఛనుదారులు, విద్యార్థులు, ట్యాంకులో కూర్చున్న పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లు చెప్పినవి. ఒక్కోటి పేజీ, రెండు పేజీలు.

చిక్కల్లా ఒకటే. ఒకే రాత్రి గురించి ఇద్దరు చెప్పినది కలవడం లేదు. ఒకరు తొమ్మిదింటికి ఇంకా వెలుతురు ఉందంటారు, మరొకరు చిమ్మచీకటి అంటారు. టీవీలో రోజంతా బాలే నాట్యమే వచ్చిందని అందరూ అంటారు, మళ్లీ వాళ్లే అదే రోజు టీవీలో వార్తలు చూశామంటారు. వాళ్ల మాట మార్చకుండా, పాఠకుడికి దారి తప్పకుండా కింద చిన్న ఫుట్‌నోట్లు పెట్టాలి. సమయాలు, రేడియో, బారికేడ్లు, మరణాలు, పత్రికలు, వీటి మీద నిక్కచ్చి వివరాలు తెలిసినవాళ్లు చెప్పండి.

గడియారం_ముల్లు

ముందు గడియారం సంగతి తేల్చుకోండి. మిగతావన్నీ దాని మీదే నిలబడతాయి.

మాస్కో వేసవి సమయం మామూలుగా జీఎంటీకి 4 గంటలు ముందు ఉండేది. 1991 వేసవిలో మాత్రం 3 గంటలే. ఆ ఏడాది మార్చి 31న, దశాబ్దాలుగా కొనసాగుతున్న అదనపు గంటను తీసేశారు. వేసవి గంట కలపడం, ఈ గంట తీసేయడం ఒకే రోజు పడ్డాయి కాబట్టి గడియారం కదల్లేదు. మరుసటి ఏడాది పాత పద్ధతి తిరిగొచ్చింది. విదేశీ రేడియో సంస్థలు జీఎంటీలో రాసిన సమయాలకు 4 కలిపితే ప్రతి ఘటనా ఒక గంట జరిగిపోతుంది. మన సమయానికి మార్చాలంటే మాస్కో సమయానికి రెండున్నర గంటలు కలపండి.

వెలుతురు గొడవ కూడా ఇందులోనే తేలిపోతుంది. ఆగస్టు 20న ఆ లెక్కలో మాస్కోలో సూర్యాస్తమయం ఎనిమిదికి కాస్త ముందు. అంతకు ముందు వేసవుల్లో అదే తేదీకి తొమ్మిదికి దగ్గర. 'తొమ్మిదింటికి వెలుతురు' అన్నవాళ్లు అబద్ధం చెప్పడం లేదు, వాళ్ల ఒంటికి అలవాటైన ఆగస్టు అది.

ఇక మేకులు కొట్టినట్టు కదలని సమయాలు కొన్ని.

ఆగస్టు 18 ఆదివారం సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో క్రిమియాలోని ఫోరోస్ విడిదిలో గోర్బచేవ్ ఫోన్లు కోసేశారు. 19 సోమవారం ఉదయం 6కి రేడియో, టీవీలో ప్రకటన: గోర్బచేవ్ అనారోగ్యం వల్ల బాధ్యతలు ఉపాధ్యక్షుడు యనాయేవ్‌కు, కొన్ని ప్రాంతాల్లో ఆరు నెలల అత్యవసర పరిస్థితి, పాలన ఎనిమిది మంది కమిటీకి. జనం నోట ఆ కమిటీ పేరు గే-కా-చే-పే. తూర్పు కొసన వ్లాదివొస్తోక్‌లో అప్పటికి మధ్యాహ్నం ఒంటిగంట, కాబట్టి అక్కడివాళ్లు 'నిద్ర లేవగానే విన్నాం' అంటే ఆగి చూడండి. మధ్యాహ్నం పన్నెండు దాటాక రష్యా పార్లమెంటు భవనం ముందు రష్యా రిపబ్లిక్ అధ్యక్షుడు యెల్త్సిన్ తమాన్ సైనిక డివిజన్‌కు చెందిన 110 నంబరు ట్యాంకు ఎక్కి విజ్ఞప్తి చదివాడు. సాయంత్రం కమిటీ పత్రికా సమావేశం, యనాయేవ్ చేతులు వణకడం. రాత్రి 9కి 'వ్రేమ్యా' వార్తలు.

20న మధ్యాహ్నం భవనం దగ్గర భారీ సభ, ఆ రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా కర్ఫ్యూ. 21 తొలి గంటల్లో ముగ్గురి మరణం, ఉదయమే సేనలు వెనక్కి. 22 తెల్లవారుజామున రెండింటి ప్రాంతంలో గోర్బచేవ్ మాస్కోలో దిగాడు.

ఒక జ్ఞాపకంలో 'కర్ఫ్యూ పెట్టారు, అయినా వెళ్లాం' అని ఉంటే అది 20 రాత్రే. 19 రాత్రి కర్ఫ్యూ లేదు. వాన కూడా గుర్తే. 20 రాత్రి తడిసిన బట్టలు, గొడుగులు, పాలిథిన్ షీట్లు దాదాపు ప్రతి కథలోనూ వస్తాయి.

చదువరి_పద్మ

మరి బాలే సంగతి? 'హంసల సరస్సు' రోజంతా వచ్చిందని చెప్పనివాళ్లు ఒక్కరూ కనబడలేదు.

పాతపేపర్ల_మూట

పద్మగారూ, బాలే వచ్చిన మాట నిజం. రోజంతా అదే వచ్చిందన్నది మాత్రం నిలవదు. మధ్యమధ్య అనౌన్సర్లు కమిటీ ప్రకటనలు చదివారు, సాయంత్రం పత్రికా సమావేశం చూపించారు, రాత్రి వార్తలు వచ్చాయి. రష్యా రిపబ్లిక్ టీవీ ఆ ఏడాది మే నెలలోనే మొదలైంది, దాని ప్రసారం ఆపేశారు. ఏ చానల్ తిప్పినా ఒకటే కనబడింది అన్న మాటకు ఆధారం అది. పైగా 1982 నవంబరులో బ్రెజ్నెవ్ చనిపోయినప్పుడు కూడా మామూలు కార్యక్రమాలు ఆపి శాస్త్రీయ సంగీతం వేశారు. టీవీలో హఠాత్తుగా అలాంటిది మొదలైతే పైన ఏదో జరిగిందని అర్థం చేసుకోవడం జనానికి అప్పటికే అలవాటు. ఆ అలవాటే రెండు గంటల జ్ఞాపకాన్ని రోజంతా చేసింది.

జ్ఞాపకం ఇలా సాగడం ఒక్క రష్యాలోనే కాదు. స్పెయిన్‌లో 1981 ఫిబ్రవరి 23 సాయంత్రం 6:23కి లెఫ్టినెంట్ కల్నల్ తెహెరో సాయుధులతో పార్లమెంటులో చొరబడ్డాడు. అది టీవీలో ప్రత్యక్షంగా చూశామని నేటికీ ఎంతోమంది స్పెయిన్‌వాళ్లు చెబుతారు. ప్రత్యక్షంగా వచ్చింది రేడియోలో. టీవీ కెమెరా అరగంట దాకా రికార్డు చేసింది కానీ ఆ దృశ్యం ప్రసారమైంది మర్నాడు, బందీలు బయటికొచ్చాక. విన్న తుపాకుల చప్పుడు, తర్వాత చూసిన బొమ్మ రెండూ కలిసి ఒకే జ్ఞాపకమయ్యాయి.

మాస్కోలో దీనికి సరిజోడు యెల్త్సిన్ ట్యాంకు. 'యెల్త్సిన్ ట్యాంకు ఎక్కగానే మేం బయల్దేరాం' అంటారు. ఎక్కినప్పుడు అక్కడున్నది కొద్దిమందే. దేశం దాన్ని చూసింది రాత్రి 9 వార్తల్లో, సెర్గేయ్ మెద్వెదేవ్ నివేదికలో. పత్రికా ప్రకటనలు, బాలే మధ్య ఆ కొద్ది నిమిషాల కథనం బయటికి రావడం పెద్ద సంగతి. బారికేడ్లు ఎక్కడ కడుతున్నారో అందులో కనబడింది. దూరపు పేటలవాళ్లు 'టీవీ చూసి వెళ్లాం' అంటే అది ఈ కథనమే, వాళ్లు భవనం చేరింది 19 రాత్రి పొద్దుపోయాకో, 20 ఉదయమో.

షార్ట్‌వేవ్_సుబ్బు

రేడియో ముక్క నాకు వదిలేయండి. ఇందులో మూడు వేర్వేరు పెట్టెలున్నాయి, అనువాదంలో మూడింటినీ 'రేడియో' అనేస్తే అర్థం పోతుంది.

మొదటిది వంటింటి గోడ రేడియో. గోడలోని తీగ ద్వారా వచ్చే ప్రసారం, గాలిలోంచి కాదు. స్టేషన్ తిప్పే మీట ఉండదు, ప్రభుత్వం పంపిందే వస్తుంది, కొన్నింటిలో మూడు ప్రసారాల బటన్లు ఉంటాయి. ఉదయం 6కి జాతీయగీతంతో మొదలవుతుంది. 'గీతం వినబడింది, ఆ వెంటనే గొంతు మారింది' అని ముసలివాళ్లు చెబితే ఈ పెట్టె నుంచే. ఇందులో బీబీసీ రాదు.

రెండోది మీడియం వేవ్. 'ఎఖో మస్క్వి' అనే కొత్త స్టేషన్ సరిగ్గా ఏడాది ముందు, 1990 ఆగస్టులో మొదలైంది. 19 ఉదయమే దాన్ని మూయించారు, మళ్లీ మొదలైంది, మళ్లీ ఆపారు. కాబట్టి 'ఎఖో మూగబోయింది' అన్నవాళ్లూ 'ఎఖో విని వెళ్లాం' అన్నవాళ్లూ ఇద్దరూ నిజమే చెబుతున్నారు. తేదీ, గంట అడిగితే సర్దుకుంటుంది. ఇది మాస్కో చుట్టుపక్కల వినబడే స్టేషన్, ఊరాల్ పర్వతాల అవతలి ఊళ్లో విన్నామంటే మాత్రం అది వేరే స్టేషన్ అయ్యుండాలి.

మూడోది షార్ట్‌వేవ్. బీబీసీ, వాయిస్ ఆఫ్ అమెరికా, రేడియో లిబర్టీ రష్యన్ ప్రసారాలు. వీటిమీద హోరు పెట్టి అడ్డుకోవడం 1987లో బీబీసీకి, అదే ఏడాది వాయిస్ ఆఫ్ అమెరికాకు, 1988 చివర్లో లిబర్టీకి ఆగిపోయింది. 'హోరులోంచి చెవి పెట్టి విన్నాం' అన్న వర్ణన 1991కి అతకదు, అది 1980ల తొలి ఏళ్ల నుంచి జారిపడ్డ ముక్క. స్టేషన్ తేలిపోవడం, దూరమవడం మాత్రం సహజంగానే ఉంటుంది.

ఇంకో సాంకేతిక గుర్తు. దేశంలో అమ్మిన చాలా సోవియట్ రేడియోల్లో షార్ట్‌వేవ్ 25 మీటర్ల బ్యాండ్ దగ్గరే మొదలయ్యేది. పగటిపూట దూరం నుంచి బాగా వచ్చే 13, 16, 19 మీటర్ల బ్యాండ్లు ఉండవు. అందుకే పగలు 25, 31 మీటర్లతో సరిపెట్టుకుని, చీకటి పడ్డాక 41, 49 మీటర్లలో స్పష్టంగా వినేవారు. 'రాత్రి అయ్యాకే అసలు సంగతి తెలిసింది' అని ఊళ్లవాళ్లు అనడానికి భయం ఒక్కటే కారణం కాదు, తరంగాల నడక కూడా. ఫోరోస్‌లో ఫోన్లు కోసేసిన గోర్బచేవ్ కూడా వార్తలు తెలుసుకున్నది చిన్న రేడియోలో బీబీసీ వంటివి పట్టుకునే.

అనువాద_బల్ల

సుబ్బుగారూ, గోడ రేడియో వివరం బంగారం. రెండు కథల్లో 'వేరే స్టేషన్ తిప్పలేకపోయాను' అని ఉంది, ఇప్పుడు అర్థమైంది.

బారికేడ్ల గురించి ఎవరైనా? 'ట్రాలీబస్సులు తెచ్చి అడ్డం పెట్టాం' అని చాలామంది అంటున్నారు. తీగ లేకుండా ట్రాలీబస్సు ఎలా తెచ్చారు?

డిపో_మేస్త్రి

సరైన ప్రశ్న. ట్రాలీబస్సు పైతీగల కరెంటుతో నడిచే బస్సు, నెత్తిమీది రెండు కర్రలు తీగను తాకినంత మేరే నడుస్తుంది. కాబట్టి తీగ ఉన్న రోడ్డు మీదే, ఉన్న చోటే అడ్డం తిప్పాలి. మాస్కోలోని సదోవయె రింగు రోడ్డు మీద 'బె' మార్గం ట్రాలీబస్సులు నడిచేవి. అందుకే ట్రాలీబస్సు బారికేడ్లు ఆ రింగు మీద, దాన్ని కోసే పెద్ద రోడ్ల మీద ఎక్కువ. డ్రైవరు బండిని రోడ్డుకు అడ్డంగా తిప్పి, దిగి, వెనక తాడు లాగి కర్రలు దించి కొక్కేనికి తగిలిస్తే చాలు. ఇక దానికి ప్రాణం లేదు. అప్పట్లో ఎక్కువగా తిరిగిన జీయూ-9 రకం బండి 12 మీటర్ల పొడవు, ఖాళీగా 10 టన్నుల దరిదాపు. జనం తోస్తే కొద్దికొద్దిగా కదులుతుంది, గాలి తీసేస్తే అదీ లేదు. డ్రైవరు సాయం లేకుండా ఇది జరగదు. 'మేం లాక్కొచ్చాం' అనే కథల్లో ఆ డ్రైవరు మాయమైపోతుంటాడు. వీలైన చోటల్లా ఫుట్‌నోటులో అతన్ని నిలబెట్టండి.

భవనం చుట్టూ కట్టినవి వేరే రకం. నది ఒడ్డు రోడ్డు దగ్గర నిర్మాణ సామగ్రి దొరికింది: ఇనుప చువ్వలు, కాంక్రీటు దిమ్మెలు, పైపులు, కంచె పలకలు, పార్కు బెంచీలు. వీటిలో ఏది ఆపుతుంది, ఏది ఆపదు అన్నది తెలిస్తే జ్ఞాపకాల్లో గొప్పలూ నిజాలూ విడిపోతాయి. టీ-72 ట్యాంకు 85 సెంటీమీటర్ల నిట్టనిలువు గోడ ఎక్కేస్తుంది. బీఎంపీ (సైనికుల్ని మోసే గొలుసు చక్రాల కవచ వాహనం) 70 సెంటీమీటర్లు. బెంచీలు, పలకలు నిమిషంలో పిండి. ఒంటరి దిమ్మెను పక్కకు నెట్టేస్తుంది. ఇబ్బంది పెట్టేవి చిక్కుపడ్డ ఇనుప చువ్వలు, అవి గొలుసులో దూరి చుట్టుకుంటాయి. దానికంటే పెద్ద అడ్డు మనిషి. బారికేడ్ ఎంత బలహీనమైనా బండి వేగం తగ్గించి ఆగాలి, ఆగినప్పుడు చుట్టూ జనం మూగి కుర్రాళ్లతో మాట్లాడతారు. మాస్కోలో బారికేడ్ చేసిన అసలు పని అదే.

అక్కడి కవచ వాహనాలన్నీ ఒకే పక్షం కావని కూడా రాయండి. మేజర్ యెవ్‌దోకిమోవ్ కింది ట్యాంకులు 19 సాయంత్రమే భవనాన్ని కాపాడేవైపు చేరాయి. అదే రాత్రి జనరల్ లెబెద్ పారాట్రూపర్లు వచ్చారు, మర్నాడు వెళ్లిపోయారు. అందుకే ఒకరు 'ట్యాంకుకు పూలు పెట్టాం' అంటే మరొకరు 'ట్యాంకుకు అడ్డం పడుకున్నాం' అంటారు.

వీధిమనిషి

ఇంతసేపూ అందరూ ఆ భవనం చుట్టూనే తిరుగుతున్నారు. నా అభ్యంతరం ఇక్కడే.

మాస్కో జనాభా అప్పటికి 80 లక్షల పైమాట. భవనం దగ్గర రాత్రి గడిపింది వేలల్లో, ఎంత ఎక్కువ లెక్కేసినా పదుల వేలల్లో. మిగతా ఊరు సోమవారం ఉదయం పనికి వెళ్లింది. మెట్రో నడిచింది. దుకాణాల ముందు క్యూలు మామూలే. ఆగస్టు కాబట్టి సగం కుటుంబాలు ఊరవతల తోట ఇళ్లలో బంగాళదుంపల పనిలో ఉన్నాయి. 19న చర్చి పండగ, జనం ఆపిళ్లు దీవింపజేసుకోవడానికి వెళ్లారు. కుట్రను వీళ్లు కూడా బతికారు. 1992లో భవనాన్ని కాపాడినవాళ్లకు పతకం ఇచ్చాక జ్ఞాపకాలు సేకరించినవాళ్లు కూడా అటువైపే పరిగెత్తారు. పతకం ఉన్నవాళ్ల కథ సాపుగా, పదిసార్లు చెప్పి అరిగి ఉంటుంది. పింఛను క్యూలో నిలబడ్డ మనిషి కథ ఎవరూ అడగలేదు కాబట్టి పచ్చిగా ఉంటుంది. నాకు రెండోదే విలువైనది.

ఆ కథల్ని సరిచూసే గుర్తులు డబ్బు, సరుకులు. మెట్రో టికెట్ 30 ఏళ్లు 5 కోపెక్కులు. 1991 ఏప్రిల్‌లో 15 అయింది. ఆ రోజు 5 కోపెక్కుల బిళ్ల వేసి ఎక్కానంటే చేతి అలవాటు మాట్లాడుతోందని గ్రహించాలి. ధరలు ఆ ఏప్రిల్ 2నే పెంచారు. జనవరిలో 50, 100 రూబుళ్ల పాత నోట్లు ఒక రాత్రి టీవీ ప్రకటనతో చెల్లకుండా చేశారు. ఆ దెబ్బ తిన్న జనం 19 ఉదయం ప్రకటన వినగానే ఏం చేస్తారు? పంచదార, ఉప్పు, అగ్గిపెట్టెలు, ఉన్న డబ్బు తీయడం. 'రాజకీయం నాకు పట్టలేదు, క్యూలో నిలబడ్డాను' అన్నవాళ్లను పిరికివాళ్లుగా చదవకండి.

ఇంకో విషయం. కమిటీ తన ప్రకటనల్లో ధరలు స్తంభింపజేస్తామంది, పట్నంలో కోరిన ప్రతివారికీ 15 సోత్కల నేల ఇస్తామంది. మన లెక్కలో సుమారు 37 సెంట్లు. ఆ మాట విని ఆశపడ్డవాళ్లున్నారు. కుట్రకు మనసులో ఒప్పుకున్నవాళ్ల జ్ఞాపకాలు కూడా సంపుటిలో ఉండాలి, లేకపోతే అది సంపుటి కాదు, సన్మాన పత్రం.

గడియారం_ముల్లు

> భవనం దగ్గర రాత్రి గడిపింది వేలల్లో

వీధిమనిషిగారూ, సంఖ్య చిన్నదని ప్రాధాన్యం తగ్గించకూడదు. దాడికి సిద్ధం చేసిన కేజీబీ ప్రత్యేక దళం ఆల్ఫా వెనకాడటానికి కారణాల్లో ఆ గుంపు ఒకటి. లోపలికి వెళ్లగలం కానీ జనాన్ని తొక్కుకుంటూ వెళ్లాలి అని వాళ్ల అధికారులే తేల్చుకున్నారు. 20 మధ్యాహ్నం సభకు వచ్చినవాళ్లు రాత్రి ఉన్నవాళ్లకంటే చాలా ఎక్కువ, ఆ రెండు లెక్కలూ కలపొద్దు.

వీధిమనిషి

ప్రాధాన్యం తగ్గించడం లేదు. పుస్తకంలో పేజీల పంపకం గురించి అంటున్నా. పది కథల్లో నాలుగైనా గుంపు బయటివి ఉండాలి.

సైనికుల సంగతి కూడా అంతే. వాళ్లు రెండేళ్ల నిర్బంధ సేవలో ఉన్న పద్దెనిమిది, ఇరవై ఏళ్ల కుర్రాళ్లు. 'రొట్టె, పాలు, సిగరెట్లు ఇచ్చాం' అని ప్రతి కథలో ఉంటుంది. 1990 వేసవిలో సిగరెట్లు దొరక్క జనం రోడ్డెక్కిన దేశం అది. సిగరెట్ ఇవ్వడం అంటే ఎంతో తెలియాలంటే అక్కడొక ఫుట్‌నోటు పెట్టాల్సిందే.

చదువరి_పద్మ

మరణాల గురించి అడగాలంటే మనసు ఒప్పడం లేదు కానీ అడగాలి. ఒక జ్ఞాపకంలో 'ఆ రాత్రి పదులమంది చనిపోయారు' అని ఉంది.

డిపో_మేస్త్రి

మాస్కోలో చనిపోయింది ముగ్గురు. ద్మిత్రీ కొమార్, వ్లాదిమిర్ ఊసొవ్, ఇల్యా క్రిచెవ్‌స్కీ. 22, 37, 28 ఏళ్లవాళ్లు.

జరిగిన చోటు భవనం దగ్గర కాదు. సదోవయె రింగు రోడ్డు, కలీనిన్ అవెన్యూ (ఇప్పటి నోవీ అర్బాత్) కిందుగా పోయే అండర్‌పాస్. 20 అర్ధరాత్రి దాటాక తమాన్ డివిజన్ బీఎంపీల వరస అందులోకి దిగింది. అవతలి నోట ట్రాలీబస్సులు అడ్డంగా ఉన్నాయి. వెనక జనం. సొరంగం లాంటి చోట ముందుకూ వెనక్కూ దారి లేదు. జనం పైనుంచి రాళ్లు, పెట్రోలు సీసాలు వేశారు, కొందరు 536 నంబరు బండి ఎక్కి చూపు కంతల మీద టార్పాలిన్ కప్పారు. బీఎంపీ డ్రైవరుకు బయట కనబడేది చిన్న పెరిస్కోపుల్లోంచే. అవి మూస్తే గుడ్డివాడు. గుడ్డిగా బండిని ముందుకూ వెనక్కూ కుదిపాడు, లోపలివాళ్లు కాల్పులు జరిపారు. బండి అంటుకుంది. ఒకరిని కాపాడబోయి ఇంకొకరు పోయారు.

ఫుట్‌నోటులో తప్పకుండా రాయాల్సిన మాట: ఆ వరస భవనం మీద దాడికి వెళ్లడం లేదు. రింగు రోడ్డు వెంట స్మొలెన్‌స్కయా చౌక్ వైపు, భవనానికి దూరంగా పోతోంది. చీకట్లో, వానలో, దాడి ఏ క్షణానైనా అని రెండు రాత్రులుగా వింటున్న జనానికి అది తెలిసే వీలు లేదు. లోపలి కుర్రాళ్లకు తమ చుట్టూ ఉన్నదెవరో తెలిసే వీలు లేదు. సిబ్బంది మీద కేసు నడిచి మూతపడింది.

ఎవరిది తప్పు అని తీర్పు రాయకండి. దూరం, దిశ, వాహనం ఏమి చూడగలదో రాయండి.

గడియారం_ముల్లు

వారి అంత్యక్రియలు ఆగస్టు 24 శనివారం, వగన్‌కొవొ శ్మశానంలో. క్రిచెవ్‌స్కీ యూదుడు, అందుకని క్రైస్తవ ప్రార్థనతో పాటు యూదుల ప్రార్థన కూడా జరిగింది. ముగ్గురికీ 'సోవియట్ యూనియన్ వీరుడు' బిరుదు ఇచ్చారు. పదుల మరణాల పుకారు ఆ రాత్రి నిజంగానే తిరిగింది. కాబట్టి 'పదులమంది చనిపోయారు' అన్న వాక్యాన్ని తీసేయకండి, 'అని విన్నాం' అనే అర్థంలో ఉంచి కింద సంఖ్య ఇవ్వండి.

పాతపేపర్ల_మూట

పత్రికల మీద రెండు ముక్కలు. కమిటీ రెండో ఉత్తర్వుతో తొమ్మిది పత్రికలకే అనుమతి ఇచ్చింది: ప్రావ్దా, ఇజ్వెస్తియా, త్రుద్, క్రాస్నయా జ్వెజ్దా, ఇంకొన్ని. 20వ తేదీ ఉదయం వేరే ఏదైనా దినపత్రిక చదివామంటే అది నకలు తీసిన కరపత్రమై ఉండాలి, లేదా మూతపడ్డ 11 పత్రికలు కలిసి వేసిన 'ఓబ్ష్చయా గజెతా'. ఇజ్వెస్తియాలో అచ్చు కార్మికులు యెల్త్సిన్ విజ్ఞప్తి లేకుండా వేయమని కూర్చున్నారు, ఆ సంచిక ఆలస్యంగా, విజ్ఞప్తితోనే వచ్చింది.

కరపత్రాల గురించి. అంతకు కొన్నేళ్ల ముందు దాకా ఫొటోకాపీ యంత్రం తాళం వేసిన గదిలో, ప్రతి నకలూ పద్దులో రాసుకునే వస్తువు. 1991 నాటికి సహకార సంస్థల (అప్పటి చిన్న ప్రైవేటు వ్యాపారాల) దగ్గర సొంత యంత్రాలున్నాయి. ఆ ఒక్క మార్పు లేకపోతే మెట్రో గోడల మీద, రైలు పెట్టెల్లో, ట్యాంకుల మీద అంత కాగితం అంటేది కాదు. నకలు మీద నకలు తీసేసరికి నాలుగో తరానికి అక్షరాలు కలిసిపోయేవి, అందుకే చేత్తో దిద్దిన ప్రతులు దొరుకుతాయి. తేదీ లేని కరపత్రంలో కమిటీ చర్యలు చెల్లవంటూ యెల్త్సిన్ ఇచ్చిన 59వ నంబరు ఉత్తర్వు ప్రస్తావన ఉంటే 19 మధ్యాహ్నం తర్వాతిది, కర్ఫ్యూ ప్రస్తావన ఉంటే 20దీ ఆ తర్వాతదీ.

అన్నిటికంటే నమ్మదగినది రెల్కామ్. మాస్కోలోని కుర్చాతొవ్ అణు పరిశోధన సంస్థ చుట్టూ 1990లో మొదలైన కంప్యూటర్ల వల, ఫోన్ తీగ మీద మోడెమ్‌తో ఫిన్లాండ్ మీదుగా బయటికి కలిసేది. ఫోన్లు కోయలేదు కాబట్టి అది ఆగలేదు. వేరే ఊళ్లలోని వాడుకదారులను వాళ్లు అడిగింది ఒకటే: కిటికీలోంచి చూడండి, కనబడింది రాయండి. ఆ సందేశాలకు సమయ ముద్ర ఉంటుంది. తర్వాత మారే అవకాశం లేని జ్ఞాపకం అది. ముద్ర జీఎంటీలో ఉందా, మాస్కో సమయంలో ఉందా అని మాత్రం చూసుకోండి.

కొత్త_సభ్యుడు_సూరి

2016 జులై 15 రాత్రి టర్కీలో విఫలమైన సైనిక కుట్ర గురించి ఇస్తాంబుల్ వాళ్ల దగ్గర ఇలాంటి గందరగోళం ఉండదు కదా? బాస్ఫరస్ వంతెన మూసింది రాత్రి పది ప్రాంతం, ప్రభుత్వ టీవీ టీఆర్టీలో కుట్రదారుల ప్రకటన చదివింది అర్ధరాత్రి దాటాక, ఆ కాసేపటికే అధ్యక్షుడు ఎర్దొగాన్ ఫోన్ వీడియోలో మాట్లాడటం, మసీదుల నుంచి పిలుపులు, ఏటీఎంల ముందు, రొట్టెల కొట్ల ముందు క్యూలు, అన్నీ ఫోన్లలోనే ఉన్నాయి.

నిర్వాహకుడు

సూరిగారూ, మంచి విషయం, కానీ దానికి వేరే దారం తెరవండి. ఇక్కడ మాస్కోతోనే కొనసాగుదాం.

అనువాద_బల్ల

ఇంకో రెండు సందేహాలు. లెనిన్‌గ్రాద్ నుంచి వచ్చిన ఒక కథలో నెవ్‌స్కీ వీధిలో ట్యాంకులు ఉన్నాయి. రెండోది, ఒకాయన ఇచ్చిన ఫొటోలో భవనం పై అంతస్తులు నల్లగా కాలి ఉన్నాయి.

గడియారం_ముల్లు

ఫొటో 1993 అక్టోబరుది. అదే భవనం, వేరే ఘర్షణ, ఆ ఏడాది అక్టోబరు 4న ట్యాంకులు దాని మీద గుళ్లు పేల్చాయి. 1991లో భవనం కాలలేదు. ఈ రెండూ కలిసిపోవడం చాలా ఎక్కువ. కోటు, ఆకు రాలిన చెట్లు, భవనం చుట్టూ ముళ్లతీగ, ఫిరంగి మోత కథలో ఉంటే 1993 అని అనుమానించండి. గొడుగు, చొక్కా మీద స్వెటర్, ట్రాలీబస్సు ఉంటే 1991.

లెనిన్‌గ్రాద్‌లో సేనలు నగరంలోకి రాలేదు. మేయర్ సోబ్‌చాక్, జనరల్ సంసోనొవ్ మధ్య మాటలు జరిగి బయటే ఆగిపోయాయి. బారికేడ్లు మరీన్‌స్కీ భవనం చుట్టూ ఐజాక్ చౌక్‌లో, పెద్ద సభ 20న ప్యాలెస్ చౌక్‌లో. ట్యాంకులు వస్తున్నాయన్న పుకారు రాత్రంతా ఉంది. ఆయన బహుశా టీవీలో చూసిన మాస్కో ట్యాంకుల్ని తన వీధిలో నిలబెట్టుకున్నారు.

షార్ట్‌వేవ్_సుబ్బు

బాల్టిక్ కథలు ఉంటే ఒక ఆనవాలు: ఎస్తోనియా రాజధాని తాలిన్‌లోని టీవీ టవర్, 314 మీటర్లు. 21న పారాట్రూపర్లు కింది భాగం పట్టుకున్నారు. పైన 22వ అంతస్తులో ఇద్దరు పోలీసులు తలుపు బిగించుకుని, బలవంతం చేస్తే మంటలార్పే ఫ్రియాన్ వాయువు వదులుతామన్నారు. అది మూసిన గదిలో ఊపిరాడనివ్వదు. లిఫ్టు తలుపు మధ్య అగ్గిపెట్టె దూర్చి లిఫ్టు కదలకుండా చేశారు. సైనికులు మెట్లెక్కాల్సి వచ్చింది. ప్రసారం ఆగలేదు. ఆ వేసవి తాలిన్, మాస్కో గడియారాలు ఒకటే, మార్చక్కర్లేదు.

వీధిమనిషి

ఇప్పటిదాకా వచ్చినవాటికి ఒక పద్ధతి చెబుతాను. ప్రతి కథకూ ముందు ఒక కాగితం మీద మూడు వరుసలు గీయండి: ఒంటితో తెలిసినవి (వాన, చలి, వాసన, నడిచిన దారి, చేతిలో సంచి), పరికరం ద్వారా తెలిసినవి (గోడ రేడియో, టీవీ, ఫోన్), ఇతరుల నోట విన్నవి. మొదటి వరుస దాదాపు ఎప్పుడూ నిలుస్తుంది. రెండోదాన్ని ప్రసార సమయాలతో సరిచూడాలి. మూడోది పుకారుల చరిత్రగా ఉంచాలి. ఫుట్‌నోటు రెండో వరుసకే ఎక్కువ పడుతుంది. మొదటి వరుసకు దాదాపు అక్కర్లేదు, అక్కడ చెయ్యి పెట్టకండి.

అనువాద_బల్ల

ఇదే వాడతాం. చివరిగా, చెప్పినవాళ్ల పేర్లు పెట్టాలా?

పాతపేపర్ల_మూట

చరిత్రకు ఎక్కిన పేర్లు, అంటే కమిటీ సభ్యులు, మృతులు ముగ్గురు, అధికారులు, అవి ఉంటాయి. చెప్పిన మామూలు మనిషికి పేరు వద్దు. అప్పటి వయసు, పని, పేట, ఆ మూడు రోజుల్లో ఉన్న చోటు, మాట రికార్డు చేసిన ఏడాది. ఆ చివరిది మరిచిపోవద్దు. 1991 సెప్టెంబరులో చెప్పిన కథకూ, 1994లో కుట్రదారులకు క్షమాభిక్ష దొరికాక చెప్పినదానికీ, ఇప్పుడు చెప్పినదానికీ తేడా ఉంటుంది. డిపో పేరు, ఫ్యాక్టరీ పేరు, ఆసుపత్రి నంబరు తీసేయండి. చిన్న డిపోలో ఆ రోజు బండి అడ్డం తిప్పిన డ్రైవరు ఎవరో ఊరంతా ఇట్టే పట్టేస్తుంది.

డిపో_మేస్త్రి

మార్గం పేరు మాత్రం ఉంచండి. 'బె' మార్గం మీద వందలమంది పనిచేశారు, దానివల్ల ఎవరూ బయటపడరు.